పాడవకుండానే పాతబడ్డ ఫోన్లు: మైక్రోమ్యాక్స్‌ని 4జీ ఎలా దెబ్బకొట్టింది?

2014లో పదివేల లోపు స్మార్ట్‌ఫోన్ కావాలంటే చాలామంది నోట ముందు వచ్చిన పేరు మైక్రోమ్యాక్స్. ఆ ఏడాది రెండో క్వార్టర్‌లో మన దేశంలో మొత్తం మొబైల్ అమ్మకాల్లో శాంసంగ్‌ని కూడా దాటేసిందని కౌంటర్‌పాయింట్ రిపోర్ట్ ఇచ్చింది. 2017 వచ్చేసరికి స్మార్ట్‌ఫోన్ టాప్ 5 లిస్టులో దాని పేరే లేదు. ఇంత తక్కువ టైమ్‌లో ఏం జరిగింది?

ముందు నోకియా వంతు

మైక్రోమ్యాక్స్ కొత్త టెక్నాలజీ ఏదీ కనిపెట్టలేదు. మన జనానికి ఏం కావాలో గమనించింది, అంతే. కరెంటు సరిగా ఉండని ఊళ్ల కోసం 2008లో నెల రోజుల స్టాండ్‌బై ఇచ్చే ఎక్స్1ఐ ఫోన్ తెచ్చింది. రెండు సిమ్‌లు వాడేవాళ్ల కోసం డ్యూయల్ సిమ్ ఫోన్లు వరసగా దింపింది. నోకియా డ్యూయల్ సిమ్‌లోకి వచ్చింది 2011లో. అప్పటికే చాలామంది కస్టమర్లు చేజారిపోయారు. 2012లో వచ్చిన కాన్వాస్ 2 అయితే 5 అంగుళాల స్క్రీన్‌ని పదివేల లోపుకే తెచ్చేసింది.

జియో వచ్చింది, రూల్స్ మారాయి

2016 సెప్టెంబర్ 5న జియో లాంచ్ అయింది. కాల్స్ ఫ్రీ, డేటా ఫ్రీ. కానీ ఒక మెలిక ఉంది. జియోకి 2జీ, 3జీ అసలు లేవు, ఉన్నది 4జీ ఒక్కటే. వాయిస్ కాల్ కూడా డేటా మీదే వెళ్తుంది. దీన్నే వోల్ట్ అంటారు. అంటే చేతిలో ఉన్న 3జీ ఫోన్ ఎంత బాగా పనిచేస్తున్నా జియో సిమ్ వేస్తే ఉపయోగం లేదు. 4జీ ఉండి వోల్ట్ లేని ఫోన్లలో కాల్ చేయాలంటే విడిగా ఒక యాప్ వేసుకోవాలి.

ఇక్కడే అసలు దెబ్బ తగిలింది. ఫోన్‌లో ఏ లోపమూ లేదు, చుట్టూ ఉన్న నెట్‌వర్క్ మారిపోయింది. మన బ్రాండ్లు ఎక్కువగా చైనాలో రెడీగా ఉన్న డిజైన్లు తెప్పించి అమ్మేవి. జనం ఒక్కసారిగా 4జీ వైపు తిరిగేసరికి వాళ్ల దగ్గర 3జీ స్టాక్ మిగిలిపోయింది. నవంబర్‌లో నోట్ల రద్దు వచ్చి షాపుల్లో నగదు అమ్మకాలు కూడా పడిపోయాయి.

షావోమీ అప్పటికే రెడీగా ఉంది. 2014లో ఫ్లిప్‌కార్ట్ ద్వారా ఆన్‌లైన్‌లో అమ్మకాలు మొదలుపెట్టింది. 2015లో మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో ఫోన్ల తయారీ ప్రారంభించింది. 2016 మార్చిలో వచ్చిన రెడ్‌మీ నోట్ 3లో 4జీ, ఫింగర్‌ప్రింట్ సెన్సర్, 4,050 ఎంఏహెచ్ బ్యాటరీ అన్నీ ఉన్నాయి. ధర 9,999 నుంచే. 2017 చివరికి షావోమీ శాంసంగ్‌నే దాటేసింది. మైక్రోమ్యాక్స్ 2020 నవంబర్‌లో 'ఇన్' సిరీస్‌తో మళ్లీ ట్రై చేసింది కానీ పాత స్థానం దక్కలేదు.

మరి మనకేంటి?

తక్కువ ధరకి ఎక్కువ ఫీచర్లు అనే ఫార్ములాతో నోకియాని కొట్టిన కంపెనీనే, అదే ఫార్ములాతో ఇంకొకరు కొట్టారు. ధర ఒక్కటే బలమైతే, అంతకంటే తక్కువకి ఇచ్చేవాడు వచ్చేదాకానే ఆ ఆట.

కొనేవాళ్లకి కూడా ఇందులో పాఠం ఉంది. స్పెక్స్‌లో ర్యామ్, కెమెరా మాత్రమే చూసి డబ్బులు పెట్టొద్దు. 5జీ ఫోన్ కొంటుంటే ఏ బ్యాండ్లు ఉన్నాయో చూడండి. జియో 5జీ స్టాండలోన్ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి ఎస్ఏ సపోర్ట్, ఎన్28, ఎన్78 బ్యాండ్లు ఉన్నాయో లేదో చెక్ చేయండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడగండి. 2022 అక్టోబర్‌లో 5జీ మొదలైనప్పుడు, 5జీ హార్డ్‌వేర్ ఉన్న ఐఫోన్లు కూడా అప్‌డేట్ కోసం డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఫోన్ పాడైతే రిపేర్ చేయించుకోవచ్చు. నెట్‌వర్క్ మారిపోతే మాత్రం ఏ రిపేర్ షాపూ ఏమీ చేయలేదు.