తుమ్మలపల్లె ఎండలో ఎస్టరు పాఠం

కడప వైపు నాపరాయి పరిచిన ఇంట్లో నిమ్మరసం చుక్క కింద పడి కాసేపు ఉంటే, అక్కడ బండ నునుపు పోయి మచ్చ తేలుతుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం బండలోని కార్బొనేటును తినేసిందన్నమాట. పదో తరగతి సేంద్రియ ఆమ్లాల పాఠానికి ఇంతకన్నా చవకైన ప్రయోగం నాకు తెలియదు. నాపరాయిని పొడి చేసి వినిగర్ పోస్తే చాలు, కార్బన్ డయాక్సైడ్ బుడగలు లేస్తాయి.

వేముల మండలం తుమ్మలపల్లెలో ఈ చర్యే ఒక కర్మాగారం పద్ధతిని నిర్ణయించింది. అక్కడ యురేనియం ఉన్నది డోలమైటు రాతిలో. అదీ కార్బొనేటే. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. ఇక్కడ అలా చేస్తే పోసిన ఆమ్లమంతా రాయికే సరిపోతుంది. అందుకే 2012లో మొదలైన ఈ మిల్లులో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణం వాడతారు. (ప్రయోగానికి గని దగ్గర రాళ్లు ఏరొద్దు, ఇంటి నాపరాయి ముక్క చాలు.)

రాయిని చూసి పద్ధతి మార్చుకున్నట్టే, బడిలో ఎండను చూసి పద్ధతి మార్చుకోవాలి. ఎస్టరు తయారీనే తీసుకోండి. పరీక్ష నాళికలో 1 మి.లీ. ఇథనాల్, 1 మి.లీ. గాఢ ఎసిటిక్ ఆమ్లం, కొన్ని చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచాలి. పండ్ల వాసన వస్తుంది. పిల్లలకు గుర్తుండిపోయే వాసన అది.

అయితే మండే ద్రవం ఏదైనా, నిప్పు తగిలితే భగ్గుమనేంత ఆవిరిని పైన పోగుచేసే ఉష్ణోగ్రత ఒకటుంటుంది. దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటారు. ఇథనాల్‌కు అది సుమారు 13 డిగ్రీలు, అంటే మన తరగతి గదిలో ఏ నెలలోనైనా దాటేదే. గాఢ ఎసిటిక్ ఆమ్లానికి దాదాపు 40. చలిదేశపు బడిలో అది నిప్పుకు అంత తొందరగా లొంగదు. మార్చి చివర్లో, రేకుల కప్పు కింద, దాని సీసా మూత తీస్తే సంగతి వేరు. పైగా ఈ ఆవిర్లు గాలికన్నా బరువు. బల్ల మీద పాకుతూ పోయి, అటు చివరన ఉన్న స్పిరిట్ దీపాన్ని అందుకోగలవు.

2014 సెప్టెంబరులో అమెరికాలోని డెన్వర్‌లో ఒక బడిలో మంట ప్రయోగం చూపిస్తూ, పెద్ద సీసాలోంచి మిథనాల్ పోస్తుండగా మంట సీసాలోకి పాకి, ఎగజిమ్మి ఒక విద్యార్థిని కాల్చింది. నా దృష్టిలో అసలు తప్పు ఆ పెద్ద సీసా బల్ల మీదకు రావడమే. రెండు మిల్లీలీటర్ల ప్రయోగానికి సీసా ఎందుకు? డ్రాపరుతో కావలసినంత తీసి, సీసాకు మూత పెట్టి అలమారలోకి పంపేయాలి.

నీళ్లు వేరే గదిలో కాచి, పొయ్యి ఆర్పాకే బీకరులో పోసి తేవాలి. సల్ఫ్యూరిక్ ఆమ్లం మాత్రం ఉపాధ్యాయుడే, కళ్లద్దాలు పెట్టుకుని, చుక్కలు చుక్కలుగా వేయాలి. నాళిక మూతి పిల్లల వైపు ఉండకూడదు. వాసన చూడాలంటే ముక్కు దగ్గర పెట్టుకోకుండా, చేత్తో గాలిని తమ వైపు విసురుకోవాలి.

చివర్లో నాళికలోనిది మంచినీళ్లలో కాకుండా వంటసోడా నీళ్లలో కొంచెం కొంచెంగా వంపండి. మిగిలిన ఆమ్లం బుసబుసమని పొంగుతుంది. ఇందాక నాపరాయి పొడి మీద లేచిన బుడగలే ఇవీ. ఆ పొంగు ఆగాక ముక్కు మండించే పులుపు ఘాటు పోయి, నీటి మీద తేలే ఎస్టరు వాసన ఒక్కటే మిగులుతుంది.