కోఠి వెళ్తే చరిత్ర పాఠమూ దొరుకుతుంది!

తెలంగాణ గ్రూప్స్‌కి సెకండ్‌ హ్యాండ్‌ పుస్తకాల కోసం హైదరాబాద్‌లోని కోఠి వెళ్తున్నారా? కొనడం అయ్యాక ఓ గంట అక్కడే తిరగండి. మీ సిలబస్ కళ్లముందే ఉంటుంది.

మహిళా విశ్వవిద్యాలయంలోని ఎత్తయిన స్తంభాల భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది దీనిమీదే. పక్కనున్న సుల్తాన్ బజార్ కూడా అప్పట్లో రెసిడెన్సీ బజారే. బ్రిటిష్‌వాళ్ల చేతిలోంచి 1933లో నిజాంకి తిరిగొచ్చింది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమూ ఇక్కడే ఉంది. సర్కారు వ్యవహారమంతా ఉర్దూలో నడిచే రోజుల్లో, 1901లో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు వంటివారు తెలుగు కోసం పెట్టిన గ్రంథాలయమిది.

తేదీలు బట్టీపడితే రెండ్రోజుల్లో మర్చిపోతాం. చోటు చూస్తే ఎవరి పెత్తనం, ఎవరి తిరుగుబాటు, ఎవరి భాష అన్నది వరసగా గుర్తుంటుంది. మెయిన్స్ వ్యాసానికి కావాల్సింది ఆ వరసే.