నిఘంటువునఁ బదమనిపించుకొనుట యెట్లు?

ఉట్నూరు పరిసరములందలి గోండుగూడెములలో దీపావళికి ముందు దండారి యుత్సవము జరుగును. నెమలియీఁకల కిరీటము దాల్చి, మేన బూడిద పూసికొని యాడువారిని గుస్సాడులందురు; ఆ కిరీటము పేరు మల్‌బూర. మార్లవాయి గ్రామవాసి, కీర్తిశేషుఁడు కనకరాజునకు 2021లోఁ బద్మశ్రీ బిరుదము ప్రకటింపఁబడినపుడు ‘గుస్సాడి’ యను మాట తెలుఁగుపత్రికలలో విరివిగా నచ్చయ్యెను. అంతకుఁ బూర్వము తరతరములుగా నది గోండుల నోళ్లలో నున్నదే. అది పదమైన దెప్పుడు? నోటఁ బలికిన నాఁడా, కాగితముపై నచ్చైన నాఁడా? నిఘంటుకారు లీ ప్రశ్నకుఁ జెప్పు సమాధానమును బట్టియే యొక జనసమూహపుఁ బలుకులు గ్రంథస్థములగుటయో, మఱుఁగున బడుటయో నిర్ణయమగుచున్నది.

ఆంగ్లభాషలో నీ విచారము చిరకాలముగా నున్నది. 1755లో శామ్యూల్ జాన్సన్ ప్రకటించిన నిఘంటువునకు గ్రంథకర్తల ప్రయోగములే యాధారములు. గనులలోనికి దిగియు, నోడలెక్కియుఁ బనివాండ్ర మాటలను సేకరించుట తనకు సాధ్యము కాలేదని యాయన పీఠికలో నొప్పుకొనెను. అంతటితో నాఁగక, యట్టి మాటలు పెక్కు క్షణికములు గావున నిలుపఁదగినవి కావనియు ననెను. ఒప్పుకోలు మెచ్చఁదగినదే. సమర్థనము మాత్రము అందని ద్రాక్షపండ్లు పుల్లన యన్న నక్కమాటవలె నున్నది.

1884లోఁ దొలిసంచికయు 1928లోఁ దుదిసంచికయు వెలువడిన ఆక్స్‌ఫర్డు నిఘంటువున కార్యభారము చిరకాలము వహించిన జేమ్స్ మర్రే వేఱుత్రోవ త్రొక్కెను. భాషకు నడిబొడ్డు స్పష్టముగాఁ గనఁబడును గాని పొలిమేర కనఁబడదని యాతని మతము. కాఁబట్టి పదములను దేశీయులు, స్థిరనివాసులు, పరదేశీయులు, బాటసారులు అని పౌరులనువలె నాలుగు తెగలుగాఁ దలఁచి, పరదేశీయపదములకు ముందు రెండు నిలువుగీఁతలు గీచి గుర్తుపెట్టెను. పదమునకు హక్కు నిచ్చునది ప్రయోగమే యని యాతని సిద్ధాంతము. పెక్కుమంది చదువరులు పుస్తకములు శోధించి, యొక్కొక్క ప్రయోగము నొక్కొక్క చీటిపై వ్రాసి పంపిరి. వేర్వేఱు కాలములందు వేర్వేఱు రచయితలు వాడిన మాటకు సులభముగాఁ జోటు దొరకెను. ఇందొక మెలిక యున్నది: చీటి కెక్కుటకు ముందు మాట పుస్తకమున కెక్కవలెను. పల్లెపలుకులు పెక్కింటి నా నిఘంటువు విడువఁగా జోసెఫ్ రైటు వానిని 1898 మొదలు 1905 వఱకు ఆఱు సంపుటములుగా వేఱ ప్రకటించెను.

దీనికి మన మాటల చరిత్రయే సాక్ష్యము. నాణెమగు ‘అణా’ 1884 నాఁటి తొలిసంచికలోనే చేరెను. ఆంగ్లేయుల లెక్కలలో నది నిత్యము వ్రాయఁబడుచుండెను. ఆంగ్లలిపిలో సరిగా నదే రూపముగల ‘అన్న’, జ్యేష్ఠసోదరుఁ డను నర్థమున, 2017లోఁ గాని చేరలేదు. తెలుఁగిండ్లలోఁ దమ్ములు అన్నను బిలుచుట 2017లోఁ బ్రారంభము కాలేదు గదా! నాణెము 1957లో దశాంశపద్ధతి వచ్చిన పిమ్మట వ్యవహారము తప్పినది. దాని పేరు నిఘంటువున నింకను నున్నది. ఒకసారి చేరిన మాటను దొలఁగింపమి యా నిఘంటువు పద్ధతి.

మన ‘పందికొక్కు’ ఆంగ్లమున ‘బాండికూట్’ అయి, యాస్ట్రేలియాలో సంచికడుపుగల వేఱొక జంతువునకును బేరైనది. పందికొక్కు పంది కాదు. భాగముల యర్థమును గూర్చినంత సమస్తార్థము రాని యిట్టి సమాసములకుఁ బ్రత్యేకారోపము తప్పదు. ‘చేయలేకపోయెను’ వంటిది వ్రాఁతలో నొకే ముద్దగా నున్నను నిఘంటువున ‘చేయు’ క్రిందనే యడఁగును. ఈ భాగమున వివాద మంతగా లేదు.

తెలుఁగున వివాదమంతయు నాధారమును గూర్చియే. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము (1885) ప్రధానముగాఁ గావ్యప్రయోగములపై నిలిచినది. ఆంధ్రసాహిత్యపరిషత్తు పూనిక నారంభమై 1936లోఁ దొలిసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు బహువిస్తృతమైనను దానికిని గ్రంథప్రయోగమే ప్రధానప్రమాణము. బ్రౌను దొర నోటిమాటలనుగూడఁ జేర్చినను, అన్యదేశ్యములకు 1854లో వేఱొక నిఘంటువే కూర్చెను. ఉట్నూరు రైతు దినమును బలుకు ‘తహసీలు’, ‘పట్వారి’ మొదలగునవి యట్టి మాటలే. గిడుగు రామమూర్తిపంతులుగారి సవర–ఆంగ్ల నిఘంటువు (1938) వేఱుజాతిది: లిఖితసాహిత్యము లేని జనుల నోటినుండియే యది పుట్టినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన వ్యవసాయవృత్తి మాండలిక పదకోశమును రైతుల పలుకులనుండి కూర్పఁబడినదే. ‘నిఘంటువులో లేదు గావునఁ బదము కాదు’ అని బాలురను దిద్దు నుపాధ్యాయులు ఈ రెండు గ్రంథముల నొకమాఱు తిరుగవేయుట మేలు.

ఇంక గుస్సాడి మాట. ఉట్నూరు ప్రాంతమున గోండి, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ, తెలుఁగు కలసి మెలఁగుచుండుటచేత నిచ్చటఁ బ్రశ్న రెండుగాఁ జీలును. గోండిపదముగా దానికి నచ్చు సాక్ష్య మనవసరము. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) నోటిపలుకుల సేకరణములనుండియు విశేషముగా గ్రహించినది. దైవవాచకమగు గోండి ‘పేన్’ తమిళమునఁ బిశాచవాచకమగు ‘పేయ్’ తో నేకమూలమని యా కోశమువలనఁ దెలియుచున్నది. గోండికావ్యము దొరకువఱకు వేచియున్నచో నీ బంధుత్వము తెలియకయే పోయెడిది.

తెలుఁగుపదముగా మాత్రము గుస్సాడికి మర్రే పరీక్ష తగును. ‘గుస్సాడి యనఁగా గోండుల నృత్యవిశేషము’ అని వివరించి వ్రాయునంతకాలము నది పరదేశీయము. వివరణము లేకయే తెలుఁగురచయిత వాడి, చదువరి గ్రహించిన నాఁడు స్థిరనివాసి. ఉత్తరతెలంగాణమున నా దశ వచ్చినదనియే తోఁచుచున్నది. మల్‌బూర కింకను రాలేదు.

ఆరోపము నే రూపమునఁ జేయవలె నన్నది మిగిలిన చిక్కు. గుస్సాడి, గుసాడి, ఘుస్సాడి యని వ్రాఁతలు పలుతెఱఁగులు. ఎక్కువమాఱు లచ్చైనదానిని గ్రహించుట యాంగ్లపద్ధతి. కాని యచ్చువేయించినవారిలోఁ బలువురు ఆ మాటను జెవితో వినినవారు కారు. మార్లవాయిలో 1943లో హైమెన్‌డార్ఫు ప్రోత్సాహమున గోండు ఉపాధ్యాయుల శిక్షణాలయ మేర్పడి, దేవనాగరిలో గోండివాచకములు వెలువడినవి. గుంజాలలో బయల్పడిన గోండిలిపికి 2018లో యూనికోడునఁ జోటు లభించినది. కాఁబట్టి గోండులు తమ వ్రాఁతలో నీ మాట నెట్లు వ్రాయుచున్నారో చూచి, పలుకు విని, యా రూపమును బ్రధానారోపముగాఁ జేసి, పత్రికారూపములను దాని క్రింద నిచ్చుట యుక్తము.