మురుగునీటిలో దొరికిన మందు

మా చిన్నమ్మాయికి ఆరేళ్లు. కిందటి వానాకాలంలో దానికి జ్వరం పట్టుకుని వారంరోజులైనా వదలలేదు. ‘లంఖణం పరమౌషధం’ అంటూ మా అమ్మ మొదట్లో బార్లీనీళ్లతో సరిపెట్టింది. చివరకు పిల్లల డాక్టరుగారు రక్తం తీసి కల్చరుకు పంపిస్తే టైఫాయిడని తేలింది. పిల్లకు ఏమిచ్చినా వాంతి అయిపోతోంది గనుక మందు నరంలోకి ఎక్కించాలన్నారు. దాని పేరు సెఫ్‌ట్రయాక్సోన్.

తెలుగు మేష్టరుని గదా, కొత్త పేరు వింటే వ్యుత్పత్తి వెతకడం నాకలవాటు. వెతికితే ఒక కథే దొరికింది. 1945లో ఇటలీవారి సార్డీనియా దీవిలో, కాల్యారీ పట్నంలో, జుసెప్పె బ్రోట్సు అనే ఆచార్యుడు మురుగునీరు సముద్రంలో కలిసేచోట వెతికి, టైఫాయిడు క్రిమిని అణచే బూజునొకదాన్ని పట్టుకున్నాడు. దాని పేరు సెఫలోస్పోరియం. ఆ బూజు ఆక్స్‌ఫర్డుకు చేరగా, అబ్రహాం, న్యూటన్ అనే శాస్త్రజ్ఞులు దానిలోనించి సెఫలోస్పోరిన్‌-సిని వేరుచేశారు. ఆ వంశంలో మూడవ తరానిది ఈ మందు. క్రిమి తన చుట్టూ గోడ కట్టుకోకుండా ఇది అడ్డుపడుతుంది. గోడలేని క్రిమి పగిలి చస్తుంది.

పిల్లలకు మోతాదు తూకాన్నిబట్టి. కామెర్లున్న పురిటికందులకు ఈ మందు ఇవ్వరు. కాల్షియమున్న సెలైనుతో కలపరు.

మూడురోజులైనా జ్వరం దిగలేదు. మందు మార్చమని డాక్టరుగారి వెంటపడ్డాను.

“సరైన మందు పడ్డా టైఫాయిడు దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, మేష్టారూ. ఓపిక పట్టండి” అన్నారాయన.

అయిదోనాడు పిల్ల అన్నం అడిగింది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఇక చాలు, ఇంటికి వెళతామన్నాను.

“సగం పేపరు రాసినవాణ్ణి మీరు పాసుచేస్తారా?” అన్నారు డాక్టరుగారు. మాట్లాడకుండా కోర్సు పూర్తిచేయించాను.

నెల తిరక్కుండా మావాడికి జలుబూ, జ్వరమూ. ఆ ఇంజక్షనే పొడవమని నేనే అడిగాను. ఆయన వాణ్ణి పరీక్షించి, “ఇది వైరసు జ్వరం. దానిమీద ఈ మందు పనిచెయ్యదు” అన్నారు. అనవసరంగా వాడేకొద్దీ క్రిములు మందుకు అలవాటు పడతాయట. 2016లో పాకిస్తానులో, సింధు రాష్ట్రపు హైదరాబాదులో, ఈ మందుకు లొంగని టైఫాయిడు బయలుదేరింది. అక్కడి డాక్టర్ల చేతిలో మిగిలినవి ఒకటి రెండు రకాల మందులే.

టైఫాయిడు క్రిమికోసమే వెతికి తెచ్చిన మందు దానిమీదే పనిచెయ్యకపోతే! అదే మా అమ్మాయికి జరిగివుంటే?

ఇంజక్షను అడగకుండా ఇంటికి వచ్చేశాను. మావాడు మూడురోజులు చీది, నాలుగోనాడు గోలీలాటకు పోయాడు.