ఎఱ్ఱదీపము వెలిగినప్పుడు

కోనసీమలోని మా మండువాయింట వసారా గోడకు బిగించిన చిన్న పెట్టెమీద ఎఱ్ఱదీపము వెలుగుటయు, మనుమరాలి పాఠము వాక్యము నడుమనే నిలిచిపోవుటయు, నేను కేబులు కుఱ్ఱవానికి ఫోను చేయుటయు, "ఫైబరు కట్టయిందండి, సాయంత్రానికల్లా వచ్చేస్తుందండి" యని యాతడు పలుకుటయు నిత్యకర్మలవలె ఒకదానివెంట నొకటి జరిగిపోవుచుండును. ఏనాటి సాయంత్రమో మాత్రము ఆతడెన్నడును చెప్పలేదు. సంస్థ పేరుతో మనకు పనిలేదు. ఆ దీపమేల యెఱ్ఱబడునో తెలిసికొనుటయే ప్రస్తుతము.

పల్లెకు నెట్ తెచ్చు ఫైబరను ఈ గాజుతీగ వచ్చిన త్రోవలు వేఱువేఱు. 2011లో కేంద్రప్రభుత్వము ఆమోదించి, 2015లో భారత్‌నెట్ అని పేరు మార్చిన ప్రణాళిక దేశమందలి సుమారు 2.5 లక్షల గ్రామపంచాయతీలను కలుపుటకు సంకల్పింపగా, తెలంగాణమున మిషన్ భగీరథ నీటిగొట్టములకై త్రవ్విన కందకములలోనే తీగకును చోటు కల్పించిరి. ఆంధ్రప్రదేశమున, 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఫైబర్‌గ్రిడ్, నెలకు 149 రూపాయల పథకముతో మొదలై, ఉన్న కరెంటు స్తంభములనే ఆశ్రయించినది. త్వరగాను చౌకగాను పని ముగియుటకు స్తంభమును మించిన యుపాయము లేదు. కాని వ్రేలాడు తీగకు ఎత్తుగా గడ్డి వేసికొనిపోవు లారీయు, గాలివానకు రాలు కొబ్బరిమట్టయు, కోతిమూకయు శత్రువులు. పాతిన తీగకు జేసీబీ యొక్కటియే శత్రువు, అయినను అది చాలును.

ఆ తీగలో వెలుతురు నడచు గాజు మందము సుమారు 9 మైక్రాన్లు, తలవెండ్రుకకంటె ఎన్నో రెట్లు సన్నము. సంస్థవారి కేంద్రమునుండి లేజరు వెలుతురు ఒక్క తీగపై బయలుదేరి, ఊరిలోని స్ప్లిట్టరను చిన్న డబ్బాలో పాళ్లుగా విడిపోయి ఇంటింటికి చేరును. 32 ఇండ్లకు పంచినచో, చిల్లర నష్టములను కూడ లెక్కించినప్పుడు, ఒక్కొక్క యింటికి దక్కునది సుమారు ఏబదియవ వంతు. ఇంత సన్నని ధారలో ఎక్కడ తీగ మెలిపడినను, కొనమీద దుమ్ము చేరినను, అతుకు సరిగా కుదురకున్నను, ఉన్నదానిలో కొంత కారిపోవును.

కావున పెట్టెమీది దీపములను చదువ నేర్వవలెను. ఎల్.ఓ.ఎస్. అను అక్షరముల చెంత ఎఱ్ఱదీపము వెలిగినచో వెలుతురే యింటికి చేరుట లేదని యర్థము. అప్పుడు పెట్టెను పదిసార్లు ఆర్పి వెలిగించుట వృథాప్రయాస, వీథివాకిటివఱకు నడచి తీగ తెగి వ్రేలాడుచున్నదేమో చూచుట మేలు. (తెగిన కొనను కంటికెదురుగా పెట్టుకొని చూడరాదు, ఆ వెలుతురు కంటికి కనబడదు గాని హాని చేయగలదు.) పాన్ అనుచోట పచ్చదీపము నిలుకడగా నుండియు నెట్ రాకున్నచో, దోషము కేంద్రమున కావలనైన నుండును, మన వైఫైలోనైన నుండును, లాప్‌టాప్‌ను లాన్ తీగతోనే పెట్టెకు కలిపి చూచినచో ఆ సందేహము తీరును. మందపు మట్టిగోడలు దాటి వెనుకగదికి వైఫై చేరకున్నచో ఆ పాపము కేబులు కుఱ్ఱవానిది కాదు. కరెంటు కోతకు 12 వోల్టుల చిన్న యూపీఎస్ కలదు. అయితే అవతల కేంద్రమున బ్యాటరీ చచ్చియున్నచో మన పెట్టె ఎఱ్ఱగా, ఒంటరిగా వెలుగుచుండును.

తెగిన తీగకంటె నీరసించిన తీగ వంచకము. గాజును కరగించి యతికించు యంత్రముతో వేసిన అతుకు వెలుతురును దాదాపు తినదు. చేతితో బిగించు కనెక్టరు మఱికొంచెము తినును. అట్టివి ఏడాదిలో నాలుగు చేరినచో నెట్ చావక బ్రతుకక, వచ్చుచు పోవుచు నుండును. మరమ్మతుకు వచ్చినవానిచే పవర్‌మీటరు పెట్టించి ఆ అంకెను చూడవలెనని నాకు బోధపడుటకు రెండేండ్లు పట్టినది. మైనస్ గుర్తుతో వచ్చు ఆ డెసిబెల్ లెక్క మూడు దిగజారినచో వెలుతురు సగమైనట్లే. మైనస్ 27 దాటినచో సాధారణముగా పెట్టె దానిని గుర్తింపలేదు. ఫిర్యాదు చేయునప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరకొనక ఈ అంకె చెప్పి, డాకెట్ సంఖ్య పుచ్చుకొన్నచో, సంస్థవారి అప్పీలు అధికారివఱకు పోవుటకు ఆధారము చిక్కును.

మా వసారా గోడమీద, పాలలెక్క వ్రాసికొనుచోట, ఇప్పుడు పెన్సిలుతో మూడంకెలు తేదీలతోసహా ఉన్నవి: మైనస్ 20, మైనస్ 23, మొన్న గడ్డిలారీ పోయిన మఱునాడు మైనస్ 26.