చిగుళ్లు జారకుండా పళ్లు తోముకోవడం ఎలా?

బొగ్గుపొడి, కచ్చిక, ఇటుకపొడి వేసి ఎంత గట్టిగా రుద్దితే పళ్లు అంత శుభ్రమని మన సభ్యులలో పలువురి నమ్మకం. ఈ నమ్మకం వల్ల కలిగే నష్టాన్ని అందరూ తెలుసుకోవలసి ఉంది.

పంటి పైభాగానికి ఎనామిల్ అనే గట్టి పొర రక్షణగా ఉంటుంది. లోపలి వేరుకు ఆ పొర లేదు. దానిని కాపాడేది చిగురే. చిగురు జారితే వేరు బయటపడుతుంది. అప్పుడు చల్లని మజ్జిగ తాగినా పన్ను జివ్వుమంటుంది. బయటపడిన వేరు త్వరగా అరిగి పుచ్చిపోతుంది. ఒకసారి జారిన చిగురు దానంతట అది తిరిగి పెరగదు.

ఇందుకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది, గరుకు పొడులతోను, బిరుసు బ్రష్షుతోను అడ్డంగా గట్టిగా రుద్దడం. రెండవది, సరిగా తోమకపోవడం. పంటికీ చిగురుకూ మధ్య నిలిచిన పాచి గట్టిపడి గారగా మారుతుంది. చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. క్రమేణా పంటిని పట్టి ఉంచే ఎముక కరిగి, పళ్లు కదులుతాయి. రక్తం వస్తోందని తోమడం మానితే పాచి మరింత పెరుగుతుంది. చుట్ట, బీడీ, పొగాకు, అదుపులో లేని మధుమేహం ఈ జబ్బును పెంచుతాయి. పొగతాగేవారికి రక్తం తక్కువగా వస్తుంది కనుక జబ్బు ముదిరేవరకు తెలియకపోవచ్చు.

పాల క్యాను సంగతి మనకు తెలిసినదే. మెడ మలుపులో అంటిన జిడ్డు తీయకపోతే పాలు పులుస్తాయి. అలాగని ఇసుకతో తోమితే గీతలు పడి, ఆ గీతలలోనే మురికి చేరుతుంది. పళ్లకూ ఇదే వర్తిస్తుంది. బ్రష్షు మూలమూలలకూ చేరాలి, గీరకూడదు.

సభ్యులు పాటించవలసినవి:

1. మెత్తని కుచ్చు గల బ్రష్షు, ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడాలి. వేపపుల్ల వాడేవారు కొస మెత్తబడేదాకా నమిలి, చిగుళ్లకు గుచ్చుకోకుండా తోముకోవాలి.

2. కుచ్చును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, నెమ్మదిగా చిన్న సున్నాలు చుట్టినట్లు తిప్పాలి.

3. ఉదయం, రాత్రి పడుకునే ముందు రెండేసి నిమిషాలు తోముకోవాలి.

4. 3, 4 నెలలకు ఒకసారి బ్రష్షు మార్చాలి. కుచ్చు అంతకు ముందే విచ్చుకుపోతే గట్టిగా రుద్దుతున్నట్లే.

గార తీయిస్తే పళ్లు వదులవుతాయనే భయం అక్కరలేదు. పళ్లను వదులు చేసేది గార వల్ల ముదిరే జబ్బేగాని, గార తీయడం కాదు. పశువు పొదుగు వాస్తే ఆ పూటే వైద్యునికి చూపించే మనం, మన చిగుళ్లు వాచినప్పుడు ఏళ్ల తరబడి ఊరుకోవడం తగదు. రక్తం కారుతున్నా, పన్ను పొడవుగా కనిపిస్తున్నా వెంటనే దంతవైద్యునికి చూపించుకోవలసిందిగా సభ్యులందరికీ విజ్ఞప్తి.