అధికారం ఏ కంప్యూటర్‌ది?

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ రేవుకు ఎదుటి ఒడ్డున బాంబూఫ్లాట్ ఉంది. చెన్నై నుంచి ఈ దీవులకు సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. బాంబూఫ్లాట్‌లో ఒక కంప్యూటర్, చెన్నైలో మరొకటి ఒకే బ్యాంకు లెక్కలను భద్రపరుస్తున్నాయనుకుందాం. ఒకటి చెడిపోయినా రెండవది పని నడుపుతుంది. అయితే లెక్క మార్చే అధికారం ఒక సమయంలో ఒకదానికే ఉండాలి. అదే క్రియాశీల నోడ్.

ఆ నోడ్ "నేనున్నాను" అని తరచూ సంకేతం పంపుతుంది. దీనినే హార్ట్‌బీట్ అంటారు. అది ఆగిపోతే? అవతలి యంత్రం చెడిందా, కేబులే తెగిందా అన్నది రెండవదానికి తెలియదు. కేబుల్ తెగినప్పుడు రెండూ అధికారం చేపడితే, ఖాతాలో ఉన్న 1000 రూపాయలను రెండుచోట్లా చెల్లించేస్తాయి! దీనికి 'స్ప్లిట్ బ్రెయిన్' అని పేరు.

విరుగుడు ఏమిటి? హైదరాబాద్‌లో మూడవ నోడ్ పెట్టి, మూడింటిలో రెండు ఓట్లు వచ్చినదానికే అధికారం ఇవ్వాలి. రెండు మెజారిటీలు ఒకేసారి ఏర్పడలేవు కదా! 2014లో ఒంగారో, ఔస్టర్‌హౌట్ ప్రచురించిన 'రాఫ్ట్' పద్ధతిలో ప్రతి ఎన్నికకూ ఒక సంఖ్య ఉంటుంది. పాత అధికారి 4వదైతే, కొత్తది 5వది. సంబంధం తిరిగి కలిశాక 5ను చూసి 4 తప్పుకుంటుంది.

కనుక "నీవేనా అధికారివి?" అని ఒక్క నోడ్‌నే అడిగితే చాలదు. మెజారిటీ ఆమోదం ఎవరికుందో చూడాలి. కేబుల్ తెగితే బాంబూఫ్లాట్ యంత్రం బాగానే ఉన్నా లెక్క మార్చకుండా ఆగాలి. అక్కడి ఖాతాదారుకు ఇది ఇబ్బందే. కానీ లెక్క తప్పకుండా ఉండటానికి చెల్లించవలసిన మూల్యం అదే.